మిగలాల్సిన సగం పొద్దు

ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఒక్కరూ బదులు చెప్పిన పాపాన పోలేదు. అందుకే జమ్మలమడుగులో ఒక మంచి పడుగును నేనెలా తగలేశానో మీ ముందు పెడుతున్నాను. విని న్యాయం చెప్పండి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. మాది ప్రొద్దుటూరు. మా మేనమామ జమ్మలమడుగులో మగ్గాలు నేయించేవాడు. ఆయన కూతురు రాజమ్మ మీద నాకు ఆశ.

"ముందు ఒక పడుగుకు గంజి పెట్టించు అల్లుడూ. పిల్ల సంగతి తర్వాత చూస్తాం" అన్నాడు.

పడుగంటే చీరకు నిలువు దారాలు. తెల్లవారగానే వాటిని వీధి పొడవునా సాగదీసి, గంజి పూసి, ఎండెక్కేలోగా కుంచెలతో దువ్వాలి. నలుగురు ఒక కొస నుంచి దువ్వుకుంటూ పోతారు. మా ఊరి నూనె మిల్లులో మనుషుల్ని పెంచితే నూనె పెరిగేది, నా కళ్లతో చూశాను. ఇక్కడ మాత్రం ఎందుకు పెరగదు? ఎనిమిది మందయితే సగం సేపే! మిగిలిన పొద్దులో ఇంకో పడుగు!

ప్రొద్దుటూరు నుంచి నలుగురు స్నేహితులను బస్సెక్కించి తెచ్చి, రెండో కొసన నిలబెట్టాను.

"ఎదురెదురుగా దువ్వితే యాడన్నా కుదురుతాదా అప్పా?" అన్నారు పాత నలుగురు.

"లెక్క నాకు తెలుసు, దువ్వండి!" అన్నాను.

నడిమధ్య రెండు జట్లూ పొట్టేళ్లలా ఢీకొన్నాయి. దారాలు కాకిగూడయ్యాయి.

"నీ కుంచె తియ్ రా!"

"నీదే ముందు తియ్!"

ఒకడు చిక్కు తీస్తుంటే ఏడుగురు సలహాలిచ్చారు. ఈలోగా ఎండ వచ్చింది. పడుగు అప్పడంలా బిగుసుకుపోయింది. ముట్టుకుంటే పటపటా తెగింది.

"ఏం జేసినావు అల్లుడూ?" అన్నాడు మామ.

"అది సరే మామా, మిగలాల్సిన సగం పొద్దు యాడికి పోయింది?"

ఆయన తువ్వాలు దులుపుకొని లోపలికి పోయాడు. గడపలో రాజమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను మరవలేదు. మరవడానికి వీలేది? ఏడాది తర్వాత ఆమెనే చేసుకున్నాను, మగ్గాల వీధిలో కాలు పెట్టనన్న షరతు మీద.

మొన్న వంటింట్లో సాయానికి పోయాను.

"నువ్వు బయటికి పో బావా. ఒక్కదాన్నే అయితే బిర్రున అయిపోతాది" అంది.

జరుగుతున్న పనిలోకి అదనపు మనిషిగా ఈ జన్మలో దూరనని ఆ కుంచెల మీద ఒట్టేశాను. కానీ నా ప్రశ్న అట్లాగే ఉంది. మామ పోయాడు. రాజమ్మ ఇంకా నవ్వుతోంది. ఆ సగం పొద్దు ఏమైందో మీరైనా చెప్పండి. చెప్పేదాకా నేను వదిలేది లేదు.