భూలిది కాని ఘుగ్రీ

1987లో మునగాల దగ్గరి స్టేషన్లో నేను రైటర్ని, హర్యా హెడ్ కానిస్టేబుల్. లంబాడా తండాలో పుట్టి ఖాకీ వేసుకున్నవాడు. దొంగను పట్టడంలో మా అందరినీ తలదన్నేవాడు. అయినా ఎక్కడ చోరీ జరిగినా మావాళ్లు ముందు అతని ముఖం చూసి, "మీ చుట్టాలేనా?" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అతను మాత్రం టిఫిన్ డబ్బా తీసుకుని జీపు షెడ్డులోకి వెళ్లి ఒక్కడే తినేవాడు.

ఆ ఎండాకాలం రైస్‌మిల్లు సేటు దామోదర్ ఇంట్లో బంగారు గొలుసు పోయింది. బీరువా కింద వెండి ఘుగ్రీ దొరికింది. లంబాడా ఆడవాళ్లు చెంపల పక్కన జుట్టుకు వేలాడదీసుకునే సొమ్ము అది. ఇంకేముంది, మిల్లు ఊడ్చే భూలిని పట్టుకొచ్చి వరండాలో కూర్చోబెట్టారు. మర్నాడు ఆమెను కోర్టుకు పంపాలి. రిమాండ్ కాగితం నేనే రాస్తున్నాను.

హర్యా ఆ ఘుగ్రీని అరచేతిలో తిప్పి చూసి ఎస్సై ముందు పెట్టాడు.

"ఇది భూలిది కాదు సార్. మా తండల మొగుడు సచ్చినామె ఘుగ్రీ తీసేస్తది. భూలి మొగుడు పోయి ఆరేండ్లాయె."

"మీవాళ్లని వెనకేసుకొస్తున్నావేంటయ్యా?" అన్నాడు బెజవాడ వైపు నుంచి వచ్చిన ఎస్సై.

"కొక్కేనికి ఎర్రదారం సూడుండ్రి. కుదువ పెట్టిన సొమ్ముకు సేటు కట్టే దారం. ఇది ఆయన పెట్టెల ఉండాల్సింది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటదో అడుగుండ్రి."

సేటును పిలిచి అడిగారు. తాళంచెవి అతని దగ్గరా, బామ్మర్ది దగ్గరా ఉంటుంది. సాయంత్రానికి బామ్మర్ది ట్రంకుపెట్టెలో గొలుసు దొరికింది. ఇంటి పరువు పోతుందని సేటు కేసు వద్దన్నాడు, ఎస్సై సరేనన్నాడు. భూలితో "ఇక పో" అన్నారు, అంతే.

హర్యా గేటు దాకా ఆమె వెంట నడిచాడు. "యాడీ" అని తల్లిని పిలిచినట్టే పిలిచి, తండా మాటల్లో ఏదో అన్నాడు. బస్సెక్కిస్తాననో, అన్నం తిని వెళ్లమనో. ఆమె అతని ఖాకీ చొక్కా వైపు చూసింది. తెలుగులో జవాబిచ్చింది.

"వద్దు సారూ. నేను పోత."

హర్యా తిరిగొచ్చి, "కాగితం చింపినవా?" అని మాత్రం అడిగాడు. చింపేశానని చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మళ్లీ షెడ్డులోకే వెళ్లాడు. ఇక్కడే కూర్చో అని ఆ రోజైనా నేను అనలేదు.