నాన్న మాయం చేసిన మచ్చ

పోయిన నెల ఆస్పత్రిలో నాన్నను చేర్చుకుని లోపలికి తీసుకెళ్లాక, ఆయన తాలూకు కాగితాలు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాను. పుట్టుమచ్చలు, అని ఉంది. రెండు రాయాలి. అమ్మ ఉంటే చెప్పేది. ఆమె పోయి ఆరేళ్లయింది. నాన్న ముఖం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది కానీ, ఆయన ఒంటి మీద మచ్చ ఎక్కడుందో నాకు ఒక్కటీ తెలియదు. గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టి ఇచ్చాను. కౌంటరులో ఉన్నావిడ ముద్ర వేసి ఫైల్లో పెట్టేసింది.

నా మచ్చ సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. దాన్ని ఒకసారి మాయం చేసింది ఆయనే.

నాన్న సినిమాల్లో మేకప్‌మాన్. హీరోలకు కాదు. పెళ్లి సీనులో అక్షింతలు వేసేవాళ్లకు, కోర్టు సీనులో వెనక బెంచీలో కూర్చునేవాళ్లకు, మొదటి ఫైటులోనే చచ్చిపోయేవాళ్లకు. ఎనభైల్లో పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు కదులుతున్నప్పుడు మేమూ కదిలి, ఫిలింనగర్‌లో రెండు గదుల పోర్షనులో అద్దెకు దిగాం. పైన జూబ్లీహిల్స్‌లో పెద్ద గేట్లు, కింద మేము. నేను పుస్తకాలు చదువుకుంటూ పెరిగాను. సినిమా మీద నాకు ఆసక్తి లేదని నాన్నకు లోపల కొంచెం బాధ ఉండేది.

తొంభైల మొదట్లో నేను మిలిటరీ అకాడమీకి ఎంపికయ్యాను. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష అన్నీ అయిపోయాయి. చేరమని ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం నాన్నను పట్టుకుంది. చేరే రోజు మళ్లీ వైద్యపరీక్ష ఉంటుందట, పనికిరాడని తేలితే ఆ రోజే వెనక్కి పంపేస్తారట. ఉత్తరం ఆయనే దాచుకున్నారు. రోజూ తీసి ఆ వాక్యం ఒక్కటే చదివేవారు.

ముందు నా పాదాల మీద పడ్డారు. కాళ్లు తడిపి వసారాలో నడిపించి, అరికాలు పూర్తిగా అంటుతోందా లేదా అని గచ్చు మీద వంగి చూశారు. తర్వాత మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమోనని నిలబెట్టి చూశారు. టైలరు టేపు తెచ్చి ఊపిరి పీల్చమన్నారు.

"ఇంకా పీల్చరా."

"ఇంకెక్కడికి పీల్చను నాన్నా, గదిలో గాలంతా అయిపోయింది."

"జోకులు అక్కడ వేయకు. జోకులేసేవాళ్లను తీసుకోరు."

ఇంటాయన మెట్ల మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. ఒకరోజు నేను బనియను లేకుండా బావి దగ్గర స్నానం చేస్తుంటే నా ఎడమ భుజం చూశాడు. చిన్నప్పుడు వేడిపాలు పడి అక్కడ కాలింది. రూపాయి బిళ్లంత మచ్చ, చుట్టుపక్కల చర్మం కన్నా తెల్లగా ఉంటుంది.

"ఏంది అన్నా, గిది అట్లనే పెట్టుకొని పోతడా పోరడు?" అన్నాడు నాన్నతో. "ఆడ బట్టలిప్పించి సూస్తరు. బొల్లి అంటరు, వాపస్ పంపుతరు. నా తోడల్లుని కొడుకును గట్లనే పంపిండ్రు."

"అదేంటండీ, మొన్నొకసారి చూసి బాగానే ఉందన్నారు కదా?"

"గా డాక్టర్ వేరే, గీ డాక్టర్ వేరే. జర ఫికర్ చెయ్యాలె."

నాన్న నా వైపు తిరిగారు. మొన్నటి డాక్టరు మచ్చ చూశాడా అని అడిగారు. చూశాడన్నాను. ఎలా వచ్చిందని అడిగాడు, పాలు పడ్డాయన్నాను, ఏదో రాసుకున్నాడు.

"రాసుకున్నాడా!" అన్నారు నాన్న. "రాసుకున్నాడంటే అయిపోయిందన్నమాట."

ఆ క్షణంలోనే నిర్ణయం జరిగిపోయింది. ఇక మిగిలినవి పనికి సంబంధించిన ప్రశ్నలే. డాక్టరు ఎంత దూరం నుంచి చూస్తాడు? ట్యూబ్‌లైటా, కిటికీ వెలుగా? చెమట పట్టేలా పరుగెత్తిస్తారా? నాకు తెలియదంటే, "అన్నన్ని పుస్తకాలు చదువుతావు, ఇది తెలీదా?" అన్నారు.

"ముఖానికి మాత్రం పూయకండి," అంది అమ్మ వంటింట్లోంచి. "వేషాలేసేవాడు అనుకుంటారు."

అకాడమీ ఉన్న ఊళ్లో దిగి, లాడ్జిలో నన్ను కిటికీ ఎదుట కూర్చోబెట్టి, వానపాటలకు వాడే సరుకు తీశారు నాన్న. నీళ్లు తగిలినా కదలదు. నాలుగు రంగులు తన చేతి మీద కలిపి చూసుకుని, వేలితో అద్ది, పౌడరు కొట్టి, దూరంగా వెళ్లి చూసి, దగ్గరకొచ్చి చూశారు. నేను అద్దంలో చూసుకున్నాను. భుజం కొత్తగా ఉంది. నాకే పరాయిగా అనిపించింది. చెవుల్లో గుబిలి ఉంటే కూడా పంపేస్తారని ఎవరో చెప్పారట, రెండు చెవుల్లోనూ కొబ్బరినూనె పోశారు. చివరగా డైలాగు నేర్పించారు.

"మచ్చ ఏదని అడిగితే, ఏ మచ్చ సార్ అను. అమాయకంగా అను."

గేటు దగ్గర తండ్రులందరితో పాటు ఆయన్నీ ఆపేశారు. లోపల డాక్టరు నా బరువు, ఎత్తు, ఛాతీ చూసి, కాగితం తీసి నా ఎడమ భుజం చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ భుజం చూశాడు. నన్ను తిప్పి కుడి భుజం చూశాడు. నన్ను వదిలేసి కాగితాన్ని తిరగేసి దాని వెనక కూడా చూశాడు.

"మచ్చ ఏది?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏ మచ్చ సార్?" అన్నాను. నేర్పినదాని కన్నా బాగా అన్నానని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన కలం కింద పెట్టాడు. గుర్తింపు చిహ్నం అన్నచోట ఎడమ భుజం మీద పాత కాలిన మచ్చ అని రాసి ఉందనీ, నా ఒంటి మీద అది లేదనీ, కాబట్టి నేను ఆ కుర్రాణ్ని కాననీ చెప్పాడు. వాడి బదులు నువ్వొచ్చావా, లేక నీ బదులు వాడు పరీక్ష రాశాడా అని అడిగాడు. మొన్నటి డాక్టరు ఏం రాసుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. అనారోగ్యం అంటగట్టి పంపేస్తారని భయపడి వచ్చినవాణ్ని, దొంగనని పంపేసేలా ఉన్నారు.

"మచ్చ ఉంది సార్. మా నాన్న తీసేశారు."

"ఆయన డాక్టరా?"

"మేకప్‌మాన్ సార్."

తడి దూదితో రుద్దాడు. స్పిరిట్‌తో రుద్దాడు. భుజం ఎర్రబడింది, మచ్చ రాలేదు. చివరకు గేటు దగ్గర నుంచి నాన్నను పిలిపించారు. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని లోపలికొచ్చి, గది చూసి, ముందు లైటు ఎటునుంచి పడుతోందో గమనించారు. తర్వాత చేతులు జోడించారు.

"లడ్కా అస్లీ హై సాబ్. మచ్చా భీ అస్లీ హై. ఊపర్ కా రంగ్ నక్లీ హై."

కొబ్బరినూనెలో దూది ముంచి మూడుసార్లు తుడిచారు. మచ్చ వచ్చింది. డాక్టరు స్కేలు తెచ్చి కొలిచి, కాగితంతో పోల్చుకున్నాడు.

"ఇంత దగ్గర నుంచి చూసినా తెలీలేదా సాబ్?" అన్నారు నాన్న హిందీలో, ఆగలేక.

"తెలీలేదు," అన్నాడు డాక్టరు.

నాన్న నా వైపు చూశారు. ఇరవయ్యేళ్ల పనిలో ఆయనకు దొరికిన పెద్ద మెప్పు అదేనేమో.

డాక్టరు నవ్వలేదు. కాలిన మచ్చకు ఎవరినీ పంపరనీ, మోసానికి పంపుతారనీ అన్నాడు. ఇంకేమైనా దాచారా అని అడిగాడు. నాన్న చాలా ఆలోచించి, "చెవుల్లో నూనె పోశాను సాబ్," అన్నారు.

డాక్టరు టార్చి వేసి చూశాడు. లోపల నూనె తప్ప ఏమీ కనపడలేదట. అప్పుడు నవ్వాడు. కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు తుడుచుకుని, వీణ్ని బయట కూర్చోబెట్టండి, నూనె కారాక మధ్యాహ్నం తీసుకురండి అన్నాడు.

వరండాలో బెంచీ మీద తల ఒరగబెట్టి కూర్చున్నాను. ఒక చెవికి గంట, ఇంకో చెవికి గంట. ఆనుకోడానికి నాన్న భుజం ఇచ్చారు. ఆయన చొక్కాకు నూనె అంటుతూనే ఉంది. అటుగా వెళ్లే కుర్రాళ్లు మమ్మల్ని చూసి నడక తగ్గించేవారు.

"ఉతికితే పోతుందిలే," అన్నారు నాన్న.

తల అలా వాలి ఉండటంతో నాకు ఆయన ఎడమ చేయి తప్ప ఏమీ కనపడలేదు. రంగులు కలిపి చూసుకునే చేయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, వెనకవైపు, చర్మం మిగతా చేతి రంగులో లేదు. ఏళ్లతరబడి అద్ది తుడిచిన చోటు, నున్నగా, కొంచెం పాలిపోయి ఉంది. గంటసేపు దాన్నే చూశాను.

మధ్యాహ్నం చెవులు బాగున్నాయన్నారు. నాన్న ఆ చొక్కాతోనే రైలెక్కారు.

పోయిన నెల ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తూ శ్రీనగర్ కాలనీ దాటాక ఆ చేయి గుర్తొచ్చింది. అది పుట్టుమచ్చ కాదు. అయినా ఆ గడిలో అదే రాయాల్సింది. అప్పటికి కాగితం ఇచ్చేశాను.