తక్కువల తక్కువ ఎంతని అడిగే చిన్నాయన

మా చిన్నాయన పోయిండు. ఆ టైముకు నేను షోరూం కౌంటర్ కాడ నిలబడి ఒకాయనకు గ్రాఫిక్స్ కార్డు అమ్ముతున్న. "దీని మీద సగటున సెకండుకు నూట నలభై ఫ్రేములు వస్తయి సార్" అని మరాఠీల చెప్తుంటే ఫోన్ మోగింది. చిన్నమ్మ. కట్ చేసిన. మళ్ల మోగింది. మళ్ల కట్ చేసిన. గిరాకి పోయినంక ఎత్తితే, "పొద్దుగాల అంగీ తొడుక్కుంటనే కూలవడ్డడే బిడ్డా, దవాఖాన దాంక గూడ పోలే" అన్నది.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికని చంద్రపూర్ వచ్చినోడు. ఆయన కొడుకులల్ల బాయిల దిగనోడు చిన్నాయన ఒక్కడే. బస్టాండు వెనుక గల్లీల కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్నడు. "పోరగాండ్లకు ఆటల డబ్బాలు అమ్ముకుంటడు" అని చుట్టాలంత నవ్వెటోళ్లు. గా చుట్టాలే మొన్న ఇంటి ముంగట కూసొని "ఎంత తెలివిగల్లోడు, ఎంత తెలివిగల్లోడు" అని ఏడ్సిండ్రు. బతికున్నప్పుడు గా మాట ఒక్కసారి అంటే నోటి ముత్యాలు రాలుతుండెనా?

నేను తొమ్మిదేండ్లు ఆయన దుకాణంల పనిచేసిన. వక్క పొగాకు కలిపిన ఖర్రా నమలని గడియ ఉండకపోయేది ఆయనకు. గాని కార్డు ముట్టాలంటే మాత్రం ఉమ్మేసి వచ్చి, చేతులు సబ్బుతోటి కడుక్కొని, అంచులు వట్టుకొని ఎత్తెటోడు. మా ఊరి గాలి సంగతి తెలిసిందే గదా, ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగయితది. కంప్యూటర్ మిషన్లల్ల గా నల్లదుమ్మంత ఆయనే ఊదెటోడు. ముక్కుకు బట్ట కట్టుకొమ్మని మొత్తుకుంటే, "బాయిల మా బాపు మింగినదాంట్ల ఇది పావులా వంతు గూడ గాదు" అనెటోడు.

గిరాకి వచ్చి "పెద్ద కార్డు కావాలె" అంటే సాలు, ఆయనకు కోపం. "ఏం ఆట ఆడుతవు? నీ తెర ఎంతది? డబ్బాల గాలి తిరుగుతదా?" అని గదే వరుసల అడిగెటోడు. మూడింటికి జవాబు రాకుంటే కార్డు చూపెట్టకపోయేది. నాకు ఫ్రేమ్ రేట్ నేర్పింది గూడ బొగ్గుతోటే. "ఒక సెకండుల కార్డు ఎన్ని బొమ్మలు తయారు చేస్తదో అది తవ్వుడు. తెర ఎన్ని చూపెడతదో అది లారీ. లారీ అరవై మోస్తదంటే నువ్వు నూట నలభై తవ్వి ఏం జేస్తవు? ఉట్టిగ వేడెక్కుడే గదా బిడ్డా!"

సగటు అనే మాట ఆయన ముంగట అనొద్దు. "రాజురా ఊరికి పోయే బస్సు ఎంత స్పీడు పోయిందని ఎవడడిగిండు? బ్రేకు కొట్టినప్పుడు నీ పండ్లు రాలినయా లేదా, అది చెప్పు. ఆటల గూడ గంతే. తక్కువల తక్కువ ఎంతకు పడ్డదో చూడు. ఝట్కా ఆడనే ఉంటది."

మిషన్ తయారైనంక డబ్బా పక్కకు ఒక తెల్లచిట్టీ అంటించి, మూడు వరుసలు తెలుగుల రాసెటోడు. తెర ఎంతది. ఆట నడుస్తుంటే తక్కువల తక్కువ ఎంతకు పడ్డది. మిషన్ పెట్టింది ఎవరు. నేను పెట్టినయాటి మీద పేరు రాయకపోయేది, "మా బిడ్డ" అని రాసెటోడు. మరాఠీ బడిల చదివిన నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది గా చిట్టీలు చూసే. "గిరాకీలకు ఇది సమజ్ గాదు గదా చిన్నాయనా" అంటే, "మిషన్ మల్ల మన దగ్గరికే వస్తది. మనకు సమజైతే సాలు" అన్నడు.

మెయిన్ రోడ్డు మీద షోరూం పడంగనే నేను అండ్ల నౌకరికి పోయిన. "పో బిడ్డా, జర సల్లటి గాలిల కూసో" అన్నడు గాని ఒక్క మాట అడ్డం చెప్పలే. ఆడ సగటు అంకెలు పెద్దపెద్దగ రాసి గోడకు పెట్టేది. ఎంత పెద్ద కార్డు అమ్మితే మేనేజర్ అంత నవ్వుతడు. నేను గూడ అమ్మిన. ఒకామెకు, బామ్నిల ఉండే టీచరమ్మకు, అన్నిటికన్న పెద్దది అంటగట్టిన. కార్ల రేసు ఆటంటే ఆమెకు పానం. ఆమె తెర సెకండుకు అరవై బొమ్మలదే, డబ్బా ఇరుకుది. నాకు తెలుసు. తెలిసే అమ్మి, నా చేతులతోటే డబ్బాల పెట్టిచ్చిన.

ఎండలు ముదిరినంక గా మిషన్ వేడెక్కి ఝట్కాలు ఇచ్చుడు మొదలైంది. ఆమె పోయి పోయి మా చిన్నాయన దుకాణానికే పోయింది. ఆయన ఆమెను తోలుకొని, డబ్బా చంకల వెట్టుకొని సీదా షోరూంకు వచ్చిండు. మెల్లగనే అన్నడు, "బిడ్డా, ఈమె తెరకు గింత కార్డు ఎందుకు? వాపసు తీస్కొని చిన్నది ఇయ్యి."

మేనేజర్ వచ్చి ఎవరీయన అని అడిగిండు. మా చిన్నాయన అంటే అయిపోయేది. "గల్లీ మెకానిక్ సార్. త్యాన్నా కాహీ కళత్ నాహీ" అన్న. ఆయనకేం తెల్వదని. మరాఠీ నాకన్న ఆయనకే బాగ వస్తది. నౌకరి పోతదని భయపడ్డనా అంటే, గాదు. సిగ్గయింది. ఆయన అంగీ నిండ నల్లదుమ్ము ఉండె.

ఆయన నా దిక్కు చూడలే. "చలా టీచర్, మనమే చూసుకుందం" అని మరాఠీల అని, డబ్బా ఎత్తుకొని ఆటో ఎక్కిండు. ఆ తర్వాత నేను గా గల్లీకి పోలే. ఇగ పోదం, రేపు పోదం అనుకుంటనే నాలుగు నెలలు గడిచినయి.

దినాల నాడు అందరు నా భుజం తట్టిండ్రు. "తొమ్మిదేండ్లు చేసినవు బిడ్డా, కన్నబిడ్డ గూడ గంత చెయ్యది" అన్నరు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు చెప్తున్నది నా సగటు. తక్కువల తక్కువ ఎంతకు పడ్డనో ఒక్కరికి తెల్వదు. తెలిసినాయన ఫొటోల ఉన్నడు, దండ ఏసుకొని.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. నన్ను గుర్తువట్టి పక్కకు వచ్చి కూసున్నది. కార్డు మార్చకుంటనే బాగు చేసిండట. అరవైకి మించి తవ్వకుండ సెట్టింగుల లగాం ఏసి, డబ్బాకు ఇంకో ఫ్యాను పెట్టి ఇచ్చిండట. "ఇప్పుడు ఝట్కా అన్నదే లేదు" అన్నది. ఫోనుల ఒక ఫొటో తీసి చూపెట్టింది. "మిషన్‌కు అంటించిండు. నాకు తెలుగు రాదు. ఏం రాసిండు, చదువు జర" అని మరాఠీల అడిగింది.

తెల్లచిట్టీ. ఆయన వంకరటింకర రాతనే. తెర అరవై. తక్కువల తక్కువ యాభై ఎనిమిది. రెండు వరుసలు చదివి చెప్పిన.

"మూడోది?"

"దుకాణం పేరు" అన్న.

రెండోసారి గూడ మరాఠీలనే. అబద్ధం మీద అబద్ధం. ఆయన నన్ను మాఫ్ చేసి రాసిండో, కొట్టినట్టు రాసిండో నాకు తెల్వదు, ఇగ అడుగుదమంటే మనిషే లేడు. బామ్నిల ఒక టీచరమ్మ ఇంట్ల, మేజా కింద, గా డబ్బా పక్కకు చిట్టీ ఇంక అంటుకొనే ఉంటది. దాని మీద దుమ్ము పడుతుంటది, ఆమె తుడుస్తుంటది. మూడో వరుసల ఉంటది, "పెట్టింది మా బిడ్డ" అని.