పులి మాత్ర

మా ఇంట్లో దురదకూ తుమ్ములకూ డాక్టరు రాసే మాత్రను ఎవరూ దాని పేరుతో పిలవరు. "పులి మాత్ర" అంటారు. మనవడొకడు మందుల షాపులో కూడా అదే పేరు అడిగి, షాపతను తెల్లబోతే నవ్వుకుంటూ వచ్చాడు. ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనూ, మా అక్క కూతురూ. అప్పటికి ఆమెకు నాలుగేళ్లు. పులికి తన నాయన కాళ్లు ఉండటం తప్ప ఆమెకు ఇంకేమీ గుర్తులేదు. కాబట్టి రాయాల్సింది నేనే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన రోజులవి. నేను పులివెందుల తాలూకా ఆఫీసులో గుమాస్తాను. అక్కను ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్నాయనకు ఇచ్చాం. బావ భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు అన్నమంటే గిట్టదు. ముద్ద నోట్లో పెడితే బుగ్గలో దాచుకుని వీధంతా తిరిగొచ్చేది గాని మింగేది కాదు. అక్క మొక్కని దేవుడు లేడు. చివరికి బావ సొంత ఊరైన జమ్మలమడుగులో, పీర్ల చావిడి ముందు నిలబడి ఇంకో మొక్కు మొక్కింది. పిల్ల కడుపునిండా తింటే దాని నాయన పులి వేషం వేస్తాడని.

బావను మాత్రం అడగలేదు.

ఆ మొక్కు తీర్చాలంటే పీర్ల పండుగనాడు ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు పూయించుకోవాలి. నడుముకు తాడు కట్టించుకుని, తప్పెట్ల వెంబడి ఆడుతూ చావిడికి పోవాలి. పళ్లెంలో పెట్టిన నిమ్మకాయను చేతులు తగలకుండా పంటితో ఎత్తాలి. పీర్లు ఊరేగింపుకు లేచేలోపే ఇదంతా జరగాలి. లేచాయంటే మొక్కు చెల్లనట్టే.

కొన్నాళ్లకు పిల్లకు ఒంటిమీద దద్దుర్లు లేచాయి. ప్రొద్దుటూరు డాక్టరు మాత్రలిచ్చి, రాత్రిపూట అర మాత్ర, అదీ కొద్దిరోజులే వేయమన్నాడు. దీనివల్ల నిద్ర వస్తుంది, ఆకలి కూడా అవుతుంది, కంగారు పడొద్దని ముందే చెప్పాడు. దద్దుర్లు అణిగాయి. వారం తిరక్కముందే పిల్ల తనంతట తానే అన్నం తట్ట తెచ్చుకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

"పీర్లు పలికినారు" అంది అక్క.

"పలికింది మాత్రనే" అన్నాడు బావ. "ఆకలైతాదని డాక్టరు ముందరే చెప్పలా?"

"ఆ డాక్టరు దగ్గరికి పోవాలని నీకు బుద్ధి పుట్టించింది ఎవురు?"

బావ వేషానికి ఒప్పుకుని, పులి తాడు పట్టేది బామ్మర్దే కావాలని నాకు కబురు పంపాడు. సెలవు చీటీలో "సొంత పని" అని రాశాను. పులిని పట్టడానికి అని రాస్తే తహశీల్దారు ఒప్పుకునేవాడు కాదు.

రంగు పూయడంలో ప్రొద్దుటూరులో అంగళ్లకు బోర్డులు రాసే పెయింటరుకు మంచి పేరుంది. అందుకని పొద్దున్నే అక్కడే వేషం ముగించి, అందరం జమ్మలమడుగు బస్సెక్కాం. రంగు ఇంకా ఆరలేదు. బావ ఎక్కడా ఆనకుండా, చేతులు బారచాపి బస్సు నడిమధ్య నిలబడ్డాడు. జనం పక్కకు ఒదిగి ఒదిగి కూర్చున్నారు.

కండక్టరు వచ్చి, "పులికి టికెట్టు కొట్టల్నా, లగేజీ కొట్టల్నా?" అన్నాడు.

"నాకు టికెట్టే కొట్టప్పా. తాడు పట్టుకున్నాడే, వానికి కొట్టు లగేజీ" అన్నాడు బావ.

సగం దారిలో పులి గొంతు మారింది.

"అబ్బీ, వీపు."

"ఏమైంది బావా?"

"దురద. శానా దురద. గీకు."

"గీకితే చార పోతాది."

"అయితే ఊదు!"

జమ్మలమడుగు వచ్చేదాకా నేను పులి వీపు మీద ఊదుతూనే ఉన్నాను. బస్సు దిగేసరికి పసుపు రంగు కిందనుంచి చెవులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రంగు ఒంటికి పడలేదని నాకు అర్థమైంది. కడిగేద్దామంటే మొక్కు పోతుంది.

బావ అక్క చేతిసంచి వైపు చూశాడు. "పాప మాత్రలుండాయి గదా, తీ."

"పాపకు అర మాత్ర చెప్పినాడు. నీకెంతో నాకేం తెలుసు?"

"దానికి డాక్టరెందుకే? పాప గౌనుకు గజం గుడ్డ పడితే, నా జుబ్బాకు ఎన్ని గజాలు పడతాది?"

"నీ పొట్టకా? ఆరు."

"సరిపాయ. ఆరు అరలు, మూడు మాత్రలు."

"డాక్టరును అడక్కుండా వద్దు బావా" అన్నాను.

"డాక్టరు ప్రొద్దుటూర్లో ఉండాడు. దురద ఈడుంది" అని, మూడు మాత్రలూ సోడాతో మింగేశాడు.

దురద తగ్గింది. తప్పెట్లు మోగాయి. మొదటి వీధిలో బావ ఎగిరిన ఎగురుడుకు ఆవులు కట్లు తెంపుకున్నాయి. రెండో వీధిలో అడుగు నెమ్మదించింది. "పొంచుతాండాడు చూడు" అని జనం మెచ్చుకున్నారు. మూడో వీధిలో నోరంతా తెరిచి ఆవలించాడు. "అచ్చం పులేనప్పా!" అన్నారు. అంతవరకు పులి దూకకుండా తాడు పట్టినవాణ్ణి, అక్కడినుంచి పులి పడకుండా పట్టాల్సి వచ్చింది.

చావిడి ముందు నిమ్మకాయ దగ్గరికి చేరాక, బావ చేతుల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తప్పెట్లవాళ్లు ఇంకా గట్టిగా వాయించారు. పులి గురక పెట్టింది.

పీర్లను ఎత్తే ముజావరు తాత నా దగ్గరికి వచ్చాడు. "ఏమబ్బీ, పులికేమైంది?"

"మాత్రలు మింగింది తాతా."

"పులికి మాత్రలెవురిచ్చిరి?"

"అదే కొల్చుకుని మింగింది."

లోపల పీర్లను ఎత్తడానికి మనుషులు సిద్ధంగా నిలబడ్డారు. చంకలో పిల్లతో అక్క ముందుకొచ్చి, కళ్లనీళ్లతో అరిచింది. "లేయయ్యా! పీర్లు లేస్తాండాయి! పాప మళ్లా తినకపోతే నిన్ను బతకనీయను!"

బావ ఒక కన్ను తెరిచి, "అంగడి మూసేయండి" అని మళ్లీ మూసుకున్నాడు.

నేను నీళ్లకోసం చూస్తుండగా పిల్ల చంక దిగి పులి ముందు చతికిలబడింది. రోజూ వాళ్లమ్మ తనకు చేసేదంతా చేసింది. ఒక చేత్తో నాయన రెండు బుగ్గలూ నొక్కింది. రెండో చేత్తో నిమ్మకాయ పట్టుకుని, "ఇది కాకి ముద్ద, ఆ అను... ఆ..." అంటూ నోట్లో కుక్కింది. బావ నిద్రలోనే కొరికాడు.

నాటు నిమ్మకాయ. పులుపు తలకెక్కినట్టుంది. అంత మనిషీ ఒక్క ఎగురున లేచి గర్జించాడు. అటువంటి గర్జన ఆ వీధి ముందెన్నడూ విని ఉండదు. ముందు వరసలోవాళ్లు వెనకవాళ్ల మీద పడ్డారు. నిమ్మకాయ మాత్రం పళ్ల మధ్యే ఉంది. పిల్ల చప్పట్లు కొట్టింది.

"చేతులు తగలకూడదు గదా, పాప చేతులు తగిలె" అని ఎవరో అన్నారు.

ముజావరు తాత నవ్వాడు. "మొక్కు ఎవురికోసరం? పాపకోసరమే గదా. దాని చేయి తగిలితే తప్పేంది?" అని లోపలికి పోయి పీర్లను లేపాడు.

బావ చావిడి అరుగు మీద సాయంత్రందాకా నిద్రపోయాడు. ఊపిరి సరిగ్గా ఆడుతున్నదో లేదో చూస్తూ నేనూ అక్కా పక్కనే కూర్చున్నాం. మరునాడు ప్రొద్దుటూరులో డాక్టరు బావను నిలబెట్టి కడిగేశాడు.

"మందు గజాల లెక్కన కొలిచేదేనా? ఆ మత్తులో బావిగట్టున నిలబడి ఉంటే? బండి తోలి ఉంటే? ఆ మీద ఇంత కల్లు కూడా పడి ఉంటే లేచేవాడివేనా? ఒకరికి రాసిచ్చింది ఇంకొకరు మింగకూడదు." తర్వాత అక్క వైపు తిరిగాడు. "పిల్లకు కూడా దద్దుర్లు పోయాయి, ఇంక ఆపండి. ఆకలి కోసమని సాగదీయొద్దు. ఆకలి ఎందుకు లేదో చూద్దాం."

చూస్తే కడుపులో పురుగులున్నాయి. వాటికి వేరే మందిచ్చాడు.

మాత్రలు ఆపిన రోజు మధ్యాహ్నం అక్క అన్నం కలిపింది. బావ అంగడి వదిలేసి వచ్చాడు. పిల్ల మొదటి ముద్ద తీసుకుని, పాత అలవాటు ప్రకారం బుగ్గలో పెట్టుకుంది. అక్క మొహం వాడిపోయింది.

పిల్ల నాయన వైపు చూసి, నోరు నిండుగా ఉండగానే, "పులి మాదిరి అరుచు" అంది.

బావ వీధి వైపు ఒకసారి చూశాడు. కిటికీ మూశాడు. గర్జించాడు. పిల్ల పకపకా నవ్వి, మింగి, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.

ఆ రోజు నా డైరీలో రెండే మాటలున్నాయి: పాప అన్నం తినింది. బావ గొంతు పోయింది.