మబ్బు మీద ఎర్ర పీతలు

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నవ్వొస్తుంది. ఇది చదివాక మీరు నన్ను చూసి నవ్వినా సరే, ఈ మాట ముందే చెప్పాలి. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. రెండుసార్లు పరీక్ష చేసి చూడందే ఉప్పుని ఉప్పు అని సంతకం పెట్టను. మా ఆవిడ పిల్లకి దిష్టి తీస్తానంటే కూడా విసుక్కుంటాను.

ఉండేది అనకాపల్లి టౌన్లో. పుట్టింది మాత్రం రాజయ్యపేటలో, సముద్రం ఒడ్డున. మా నాన్న అప్పారావు వేటకి వెళ్లేవాడు.

దూరంగా సముద్రం మీద ఉరుముల మబ్బు ఉండి, మన నెత్తిన మాత్రం చుక్కలు కనబడుతున్న రోజుల్లో, ఆ మబ్బుకి చాలా ఎత్తున ఎర్రటివి మెరుస్తాయని నాన్న చెప్పేవాడు. రెప్పపాటు కూడా ఉండవట. కాళ్లు కిందికి వేలాడేసిన పీతల్లా ఉంటాయట. "అవి అక్కడ ఆడేయంటే గాలి ఇటు తిరగతాదిరా" అనేవాడు. ఊరంతా నవ్వింది. ఆయనకి మబ్బుపీతల అప్పారావు అని పేరు పెట్టింది. బళ్లో నన్ను చిన్నపీత అనేవారు.

నవ్వుతో పోతే బాగుండేది. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న, మా మేనమామ సింహాద్రి, మామ తమ్ముడు పోలయ్య ఒకే పడవలో వేటకి వెళ్లారు. పడవ మామది. చీకటిపడే వేళ నాన్న ఆ ఎర్రవాటిని చూసి వెనక్కి పోదామన్నాడు. మామ వినలేదు. గాలి కొట్టింది, పడవ తిరగబడింది. తెల్లారేసరికి ఇద్దరే ఒడ్డుకి చేరారు. పోలయ్య శవం కూడా దొరకలేదు.

కులపెద్దలు కూర్చున్నప్పుడు మామ ఏమన్నాడో తెలుసా? అప్పారావు తాగి చుక్కాని వదిలేశాడన్నాడు. వెనక్కి పోదామని ఎవరూ అనలేదన్నాడు. నేను చెప్పాను మొర్రో అని నాన్న మొత్తుకున్నాడు. ఏం చూసి చెప్పావని పెద్దలు అడిగారు. మబ్బు మీద పీతలు అన్నాడు. ఇంకేముంది, ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచిపోయారు.

మా దగ్గర ఒకడి వల్ల మనిషి పోయాడని పెద్దలు అనుకుంటే, మళ్లీ వాణ్ణి ఎవరూ పడవ ఎక్కమనరు. దానికి శిక్ష అని పేరేమీ ఉండదు. పిలవరు, అంతే. నాన్న బతికిన మిగతా ఏళ్లన్నీ ఇసకలో కూర్చుని ఎవరెవరివో వలలు బాగుచేస్తూ గడిపాడు. అలాగే పోయాడు. అమ్మకి అటు అన్న, ఇటు మొగుడు. ఆవిడ నోరు విప్పలేదు.

నా కడుపులో మంట మాత్రం ఆరలేదు. మామ చావాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు. అదే పెద్దల ముందు, అదే నోటితో "అప్పారావు చెప్పాడు" అనిపించాలి. దాని కోసమే బతుకుతున్నానా అనిపించేది ఒక్కోసారి.

రెండేళ్ల కిందట కంపెనీ బస్సులో వస్తూ ఫోన్లో ఒక వీడియో చూశాను. ఉరుముల మబ్బుకి పైన ఎర్రటి వెలుగు, కింద వేలాడే కాళ్లు. అచ్చం నాన్న చెప్పిన పీతలే. స్ప్రైట్స్ అంటారట. విమానాలు నడిపేవాళ్లు ఏళ్ల తరబడి చూశామని చెప్పినా ఎవరూ నమ్మలేదట. వేరే పని కోసం పెట్టిన కెమెరాలో అనుకోకుండా పడ్డాకే శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారట. బస్సులో పక్కవాడు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను.

ఆ వీడియో చూపిస్తే మామ ఒప్పుకోడు. మన సముద్రం మీద, మన ఒడ్డు నుంచి తీసింది కావాలి. అనకాపల్లిలో ఫోటో స్టూడియో నడిపే నా స్నేహితుడు ఖాదర్ భాయ్ మంచి కెమెరా ఇచ్చి, దాన్ని వాడటం నేర్పాడు. నిరుడు వేసవంతా ఉరుముల కబురు తెలిస్తే చాలు, బండేసుకుని రాజయ్యపేట పోయాను. ఏమీ పడలేదు. ఈ ఏడు మే నెలలో పడ్డాయి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అది వేట నిషేధం కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఏ పడవా సముద్రంలోకి దిగదు. ఆ సాయంత్రం పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. కెమెరాని స్టాండు మీద పెట్టి, ఎనిమిదేసి సెకన్లు తెరుచుకుని ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే ఫోటోలు తీసుకునేలా చేసి, మామ పడవ పక్కనే కూర్చున్నాను. ఏడున్నర నుంచి బ్యాటరీ అయిపోయేదాకా కూర్చున్నాను. సముద్రం మీద చిన్న దీపం కూడా లేదు. నా కళ్లతో చూసి చెబుతున్నాను.

మూడు ఫోటోల్లో ఎర్ర పీతలు పడ్డాయి. ఖాదర్ భాయ్ పెద్ద సైజులో ప్రింట్లు తీసిచ్చాడు. ఇద్దరం పైనున్న ఎరుపునే చూశాం. కింద ఎవరు చూస్తారు?

ఆదివారం సాయంత్రం పెద్దలందరూ వలల షెడ్డులో ఉండగా వెళ్లి మామ ముందు పరిచాను. మామకి ఇప్పుడు డెబ్బై దాటాయి. చూసి పెదవి విరిచాడు.

"ఏట్రా ఇవి? కంపూటర్లో ఎవుడైనా గీత్తాడు."

అని, ఫోటో నా మీదికి తోసేయబోయి ఆగిపోయాడు. వేలు కింది అంచు దగ్గర నిలిచిపోయింది. అక్కడ నల్లటి నీళ్ల మీద రెండు చుక్కలు, ఒకదాని మీద ఒకటి.

"ఈ దీపాలేటి?"

పెద్దల్లో ఒకాయన వంగి చూసి అన్నాడు. "రెండు లాంతర్లు ఒకే గెడకి కట్టేది పోలయ్యే కదరా. పెళ్లానికి ఒడ్డు మీంచి ఆనవాలు తెలియాలని."

రెండో ఫోటోలో ఆ చుక్కలు కాస్త పెద్దవయ్యాయి. మూడోదానిలో ఇంకొంచెం. ఆ సాయంత్రం నీళ్ల మీద ఏ దీపమూ లేదని నాకు గుర్తొచ్చింది. కానీ అంతకంటే ముందు మామ మొహం చూశాను, నిజం చెబుతున్నాను, సంతోషమేసింది.

కెమెరా కార్డులోంచి ఎక్కించుకున్న మిగతా ఫోటోలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ మామ కళ్ల ముందు పెట్టి జరుపుతూ పోయాను. దీపాలు ఒడ్డుకి వస్తున్నాయి.

"ఆపీరా బాబూ, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

ఆపలేదు. ఆయన తల తిప్పుకుంటే ఫోను అటు తిప్పాను.

"సెప్పేడు! మీ నాన్న సెప్పేడు! ఎనక్కి పోదారన్నాడు, నేనే ఇన్నేదు. ఆడు తాగనేదు. తమ్ముణ్ణి నేనే సంపుకున్నాను!"

షెడ్డులో అందరూ విన్నారు. ఇన్నేళ్లుగా నేను కోరుకున్న మాట. అప్పుడు ఆపాను. ఆఖరి ఫోటోలో దీపాలు అలలు విరిగే చోట, మామ పడవకి ఎదురుగా ఉన్నాయి.

తర్వాత ఖాదర్ భాయ్ కార్డు మొత్తం వెతికి చూశాడు. "భాయ్, కెమెరా కన్ను ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచితే అల మీద ఊగే దీపం గీతలా సాగాలి. ఇవి చూడు, గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. నాకైతే సమఝ్ కాలేదు" అన్నాడు. లెన్సులో లోపమేమో అని అదే కెమెరాతో అదే చోట మళ్లీ తీశాం. ఏమీ లేదు.

వారం తిరక్కుండా మామ బస్సెక్కి అనకాపల్లి మా ఇంటికొచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఆఖరి పోటో తరవాతేటైందిరా? తమ్ముడు దిగేడా?"

బ్యాటరీ అయిపోయింది మామా, తెలీదు అనొచ్చు. అదే నిజం. కానీ ఇసకలో కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు. ఆ ముసలాడి కళ్లలోకి చూసి, "దిగేడు మామా. ఊళ్లోకి నడిసెళ్లేడు" అన్నాను. భయంతో వణికితే చూద్దామనే అన్నాను.

మామ వణకలేదు. తలూపాడు.

"నాకు తెల్సు. మూడ్రోజుల బట్టి దీపాలెట్టే యేళకి మా గుమ్మం కాడ నిలబడతన్నాడు. ఒక్కడూ కాదురా, మీ నాన్న కూడా ఉన్నాడు. లోపలికి రమ్మన్నాను, ఇద్దరూ రారు. నవ్వుతారు. ఇప్పుడు తలుపెయ్యడం మానేసేను."

మామ ఆ తర్వాత బస్టాండుకి ఎలా వెళ్లాడో, నేను ఎందుకు దిగబెట్టలేదో గుర్తులేదు. ముసలాడి భ్రమ అనుకోవచ్చు. నేను ఆడిన అబద్ధం ఆయనకి ముందే ఎలా తెలుసో చెప్పలేను. ఆ దీపాలేమిటో ఈరోజుకీ నాకు తెలీదు.

దానికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. నాన్న పేరు నిలబెట్టింది నేను. రెండు వేసవులు ఇసకలో పడిగాపులు కాసింది నేను. నాన్న కోసం రోజూ దీపాలు పెట్టే వేళకి నా గుమ్మంలో కూర్చుంటున్నాను. ఎవరూ రారు.