ఎనభై మందికి ఒక్క ఓటు

ఆ రోజుల్లో అరోరాలో తెలుగువాళ్ళు తక్కువ, నాకు తీరిక ఎక్కువ. డెబ్బైల చివర్లో పెళ్ళయి అమెరికా వచ్చిన మొదటి చలికాలం అది. మావారు పొద్దున్నే కారు మీది మంచు గీక్కుని ఆఫీసుకి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో నేనూ, హీటర్ చప్పుడూ. మనిషి గొంతు వినక పిచ్చెక్కేలా ఉండి, ఒకరోజు ఎదురువీధిలో కిటికీ నిండా పోస్టర్లు అంటించిన ఒక ఆఫీసులోకి నడిచాను. రాజకీయాల మీద ఆసక్తితో అనుకునేరు. లోపల పదిమంది నవ్వుకుంటూ వేడివేడి కాఫీ తాగుతున్నారు, అంతే.

సంగతేమిటంటే, మా వైపు కాంగ్రెస్ సీటులో (ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, పార్లమెంటు లాంటిది, మా నాన్నగారికి ఇది వివరించడానికి రెండు ఏరోగ్రాములు ఖర్చయ్యాయి) ఏళ్ళ తరబడి కూర్చున్న పెద్దాయన ఇక చాలని రిటైరవుతున్నాడు. ఖాళీ అయిన ఆ సీటు కోసం ఒకే పార్టీలో ఇద్దరు పోటీ పడుతున్నారు. మార్చిలో జరిగే ప్రైమరీలో ఎవరు నెగ్గితే వాళ్ళే ఆ పార్టీ తరఫున నవంబరులో నిలబడతారు. ఒకాయన కార్ల షాపు ఓనరు. రెండో ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. మనసులో ఆవిడకి పంతులమ్మ అని పేరు పెట్టుకున్నాను. నేను కాఫీకి వెళ్ళింది ఆవిడ ఆఫీసుకే.

కవర్లు అంటించే పని ఇచ్చారు. వారం తిరిగేసరికి నా పేరు రాసిన బ్యాడ్జీ కూడా ఇచ్చారు. ఈ దేశంలో నా పేరు మావారి పేరు పక్కన కాకుండా ఒంటరిగా కనిపించడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి అద్దం ముందు పెట్టుకుని చూసుకున్నాను, కొంచెం కళ్ళు చెమర్చాయి కూడా. అందుకే ఆఫీసు నడిపే పొడుగావిడ ఒకరోజు అందర్నీ నిలబెట్టి "ఎవరెన్ని ఓట్లు తేగలరు?" అని అడిగినప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. ఒకాయన చర్చి నుంచి ముప్ఫై అన్నాడు. ఇంకొకావిడ పన్నెండు అంది. నేను "ఎనభై" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. పంతులమ్మ వచ్చి నన్ను కావలించుకుంది.

ఎనభై మంది నిజంగానే ఉన్నారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఫోన్ చేసి "ఆదివారం పిన్నిగారింట్లో భోజనం, ఒక గొప్పావిడ వస్తోంది" అన్నాను. (పిన్నిగారు మాకు చుట్టం కాదు, ఆ ఊళ్ళో అందరికీ పిన్నిగారే. ఆవిడ భర్త బాబాయిగారు, ఏటా పంద్రాగస్టుకి జేబులోంచి ఇండియన్ పాస్‌పోర్ట్ తీసి, ప్రాణం పోయినా దీన్ని వదలనని ఉపన్యాసం ఇచ్చేవారు.) ఆ ఆదివారం బేస్‌మెంట్ కిటకిటలాడింది. గుమ్మం దగ్గర మంచుబూట్లు గుట్టపడ్డాయి. పంతులమ్మ మాట్లాడింది, మనవాళ్ళు పులిహోర ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టారు. అప్పుడు పొడుగావిడ ఫారాల కట్ట తీసి, "ఓటు రిజిస్టర్ చేసుకోవాలి, సిటిజన్లంతా చేతులెత్తండి" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నాకింకా ఐదేళ్ళు పడుతుంది, గ్రీన్‌కార్డ్ మొన్నేగా వచ్చింది" అన్నాడు ఒక డాక్టరు. "సిటిజన్‌షిప్పా? మా నాన్న ఇంట్లోకి రానివ్వడు" అన్నాడు ఇంకొకాయన. మావారు నా చెవిలో "సిటిజన్లకే కదుటే ఓటు! నీకు తెలీదూ?" అన్నారు. తెలీదు. మన ఊళ్ళో అయితే ఓటరు లిస్టువాళ్ళే ఇంటికొచ్చి పేర్లు రాసుకుపోతారు. ఇక్కడ టాక్సు కడుతున్నాం, ఇంకేం కావాలి అనుకున్నాను. అసలు నాకే ఓటు లేదు! బ్యాడ్జీ తీసి పొడుగావిడ చేతిలో పెట్టేసి పారిపోదామని పిన్ను కూడా విప్పాను.

అప్పుడు వంటింటి మెట్ల మీంచి గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి లేచింది. పిన్నిగారు. "నాకుంది" అన్నారు.

బాబాయిగారు ప్లేటు కింద పెట్టేశారు. "నీకా? ఎప్పుడు?"

"మీరు ఆఫీసు పని మీద డెట్రాయిట్ వెళ్ళినప్పుడు. మా తమ్ముణ్ణి ఇక్కడికి రప్పించే పిటిషన్ వెయ్యాలంటే సిటిజన్ అవ్వాలన్నారు. మిమ్మల్ని అడిగితే స్పీచ్ ఇస్తారని అడగలేదు."

ఎనభై మందీ పగలబడి నవ్వారు. నేను తలెత్తి పంతులమ్మ వైపు చూడలేకపోయాను. ఆవిడ మాత్రం విషయం తెలుసుకుని అందరికన్నా గట్టిగా నవ్వింది. "లెక్కల టీచర్ని, ఒకటి విలువ నాకు తెలుసు" అంటూ వంటింట్లోకి వెళ్ళి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతూ పిన్నిగారిని ఓటు అడిగింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా అడుగుతూనే ఉంది. పిన్నిగారు నాతో తెలుగులో "ఆలోచించి వేస్తానని చెప్పవే" అన్నారు. నేను "తప్పకుండా వేస్తారట" అని చెప్పాను. (ఇంకేం చెయ్యను?) బ్యాడ్జీ పిన్ను మళ్ళీ పెట్టుకున్నాను.

ఎన్నిక రోజున ఒక్క ఓటు వేయించడానికి ఐదు కార్లలో బయల్దేరాం, పెళ్ళివారిలా. ముందు కారులో బాబాయిగారు డ్రైవ్ చేస్తూ, దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "మా ఆవిడ సిటిజన్" అని చెప్పారు. పిన్నిగారు పట్టుచీర మీద కోటు వేసుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చారు. ఎవరికి వేశారని అడిగితే "రహస్యం కదుటే" అన్నారు. పంతులమ్మ కొద్ది ఓట్ల తేడాతో నెగ్గింది, నవంబరులోనూ నెగ్గింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. ఏ బర్త్‌డే పార్టీకెళ్ళినా, ఏ పోట్‌లక్ విందుకెళ్ళినా "మన ఓటుతోనే గట్టెక్కింది" అని ఆ కథ చెప్పి మురిసిపోయేదాన్ని.

ఎనభైల మధ్యలో నేనూ సిటిజన్ అయ్యాను. మొదటి ఓటుకి పిన్నిగారు తోడొచ్చారు. పార్కింగ్ లాట్‌లో "ఇప్పటికైనా చెప్పండి" అని బతిమాలాను. ఆవిడ సిగ్గుపడ్డారు. "ఆ పిల్ల పాపం నా ఉల్లిపాయలన్నీ తరిగింది. కార్లాయనేమో మేం కారు కొన్నప్పుడు మా పాపకి బెలూన్ ఇచ్చాడు. ఎవర్నీ కాదనడానికి మనసొప్పలేదే. ఓటు కార్డు మీద ఇద్దరి పేర్ల దగ్గరా చిల్లు పొడిచాను."

ఒక సీటుకి ఇద్దరికీ పొడిస్తే ఆ ఓటు చెల్లదని ఆవిడకి ఆ రోజూ తెలీదు, నేను ఈ రోజుకీ చెప్పలేదు. స్టీరింగ్ మీద తలపెట్టి ఊపిరాడనంతగా నవ్వాను. తనకే ఓటు లేదని తెలియక ఎనభై ఓట్లు దానం చేసిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి, ఎందుకో ముద్దొచ్చింది కూడా. పాత బ్యాడ్జీ పర్సులో పెట్టుకునే వచ్చాను, తీసి కోటుకి పెట్టుకోబోయాను కానీ ఓటేసేచోట ప్రచారం బ్యాడ్జీలు కూడవని గుర్తొచ్చి మళ్ళీ లోపల పెట్టాను. ఈసారి రూల్సు చదువుకునే వెళ్ళాను మరి.

లోపల కార్డు ముందు నిలబడితే రెండు పేర్లు కనిపించాయి. ఇద్దరూ మంచివాళ్ళలాగే ఉన్నారు. చాలాసేపు పట్టింది. బయటికి రాగానే పిన్నిగారు కారు అద్దం దించి, "ఎవరికి వేశావే?" అని అడిగారు.

"రహస్యం కదండీ పిన్నిగారూ" అన్నాను.