ఆమెన్ అనగానే నొక్కేశాను

మా ఇంట్లో ఒకసారి ఘోరం జరిగింది. చేసింది నేనే. దొంగలు పడితే చెంబో తపేలానో మిగులుస్తారు, నేను అదీ మిగల్చలేదు. పైగా ఆ పని పట్టపగలు, అమ్మా నాన్నగారూ పక్కన కూర్చుని ఉండగా, ప్రార్థన చేయించుకుని మరీ చేశాను. మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను, చివరిదాకా నవ్వగలనో లేదో మాత్రం చెప్పలేను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మండపేటలో ఒక రైసు మిల్లు ఆఫీసులో ఉద్యోగం. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అందరూ "ఇంజనీరు గారూ" అనేవారు. అనగా అనగా నేనూ నమ్మేశాను.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. వీధి చివర నుంచి పిలిచినా ఇంట్లో గిన్నెలు మోగే గొంతు ఆయనది. ఆ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు వారం రోజులూ ఆయన మా పాత లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడారు, నేను రికార్డు చేశాను. పదమూడో ఎక్కం, పొద్దుటి ప్రార్థన, అక్కని పిలవడం, నన్ను తిట్టడం. అన్నిటికన్నా ముందు, అమ్మ అడిగిందని, ఆయన రోజూ లేవగానే అనే మాట: "సుగుణా, కాఫీ అయిందా?"

తరువాత ఆయన మాటంతా పలకా బలపమే. అమ్మ మాత్రం రోజూ ఆరింటికి లాప్‌టాప్ తెరిచి ఆ ఒక్క మాటా వినేది. "అయిందండీ, తెస్తున్నా" అని లాప్‌టాప్‌కి జవాబు చెప్పి, పక్కనే కుర్చీలో ఉన్న నాన్నగారికి గ్లాసు అందించేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

చిక్కల్లా ఆ లాప్‌టాప్ తెరుచుకోవడానికి పావుగంట పట్టడం. ఈలోగా కాఫీ చల్లారేది, మళ్లీ వేడి చేస్తే కషాయమయ్యేది. ఇంజనీరు గారు ఊరుకుంటారా?

"అమ్మా, దీనికి ఎస్ఎస్‌డి వేస్తాను."

"అంటే ఏంట్రా?"

"కొత్త డిస్కు. పాతదాంట్లో ఉన్న విండోసూ, నాన్నగారి గొంతూ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దీంట్లోకి వచ్చేస్తాయి. గ్లాసుడు నీళ్లు తాగేలోగా తెరుచుకుంటుంది."

"ఏమీ పోదు కదా?"

"ఆఫీసులో నన్నేమంటారో తెలుసా నీకు?"

నాన్నగారు పలక మీద రాసి చూపించారు: ముందు ఇంకోచోట కాపీ పెట్టు.

"నేను చేసేదే కాపీ అండి నాన్నగారూ" అన్నాను. ఆయన ఇంకేదో రాయబోయి బలపం కింద పెట్టేశారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే పనిలో దిగాను. కొత్త డిస్కుని వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి, పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసే ప్రోగ్రాం తెరిచాను. అందులో డిస్కులకి పేర్లు లేవు, బారెడు నంబర్లున్నాయి. సైజు చూస్తే రెండూ ఒకటే. ఎక్కడి నుంచి అన్నచోట ఒకటి, ఎక్కడికి అన్నచోట ఒకటి పెట్టాను. రెండో డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. ఎంటర్ మీద వేలు పెట్టాను.

"ఆగు" అంది అమ్మ. "ప్రార్థన చేసుకోకుండా కొత్త పని మొదలెడతావేంటి?"

మా ఇళ్లలో కొత్త సైకిలైనా నీళ్ల మోటారైనా ప్రార్థన లేనిదే కదలదు. కళ్లు మూసుకున్నాం. అమ్మ ప్రార్థన అంటే రాజమండ్రి ప్యాసింజరు, ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు, అక్క అత్తవారు, మా మిల్లు ఓనరు గారు, ఈ డిస్కుని తయారుచేసిన ముక్కూ మొహం తెలియని బిడ్డలు. డిస్కు చేసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకొక అనుమానం తగిలింది. ఏది ముందు పెట్టాను, ఏది వెనక పెట్టాను? కళ్లు తెరిచి ఒక్కసారి చూస్తే సరిపోయేది. కానీ ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదని సండేస్కూల్లో బెత్తం పట్టుకుని నేర్పింది నాన్నగారే. అమ్మ ముగించేసరికి అనుమానమూ సర్దుకుంది. "ఆమెన్" అన్నాను. అంటూనే నొక్కేశాను.

గంటన్నర పట్టింది. చేపల పులుసుతో భోంచేసి వచ్చేసరికి నూటికి నూరు శాతం అని కనిపించింది. కొత్త డిస్కుని లాప్‌టాప్‌లో బిగించి ఆన్ చేశాను. నల్లటి తెర మీద, ఆపరేటింగ్ సిస్టమ్ లేదని తెల్లటి గీతలా ఒకే ఒక్క వాక్యం. పాత డిస్కు పెట్టాను. అదే వాక్యం.

"ఏమైందిరా?"

"కొంచెం టైమ్ పడుతుందమ్మా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆ ఆకులు వెతుక్కుంటూ మర్నాడు రాజమండ్రి దాకా వెళ్లాను. రిపేరు షాపాయన అరగంట చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో ఏమీ లేదండి."

"పోయినవి వెనక్కి తెస్తారటగా?"

"చెరిపేస్తే ఒక్కోసారి తేవచ్చండి. మీరు చెరపలేదు. కొత్తదాంట్లో ఉన్న ఖాళీనంతా తెచ్చి దీని మీద రాశారు." నన్ను ఓదార్చాలనుకున్నాడో ఏమో, "కాపీ మాత్రం శుభ్రంగా అయిందండి, ఒక్క తప్పు లేదు" అన్నాడు.

నా జీవితంలో తప్పు లేకుండా చేసిన మొదటి పని అదే.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ తిట్టలేదు. లాప్‌టాప్ మూత వేసి, రోజూలాగే కొంగుతో తుడిచింది. "ఫోన్లో పెట్టివ్వరా అని ఎన్నిసార్లడిగాను నాన్నా" అంది, అంతే. నిజమే, ఏడాదిగా అడుగుతోంది. రేపు పెడతానని ఏడాదిగా అంటున్నాను. నాన్నగారి కుర్చీ పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నాన్నగారు పలక తీసుకున్నారు. రాసి నా మోకాళ్ల మీద పెట్టారు: నేను రోజుకి వందసార్లు చెరుపుతున్నాను. నువ్వు ఒక్కసారేగా.

అది చదివాక ఏడుపు తగ్గలేదు, ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి అమ్మ అలవాటుగా వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెరవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నాన్నగారు చూశారు. పలక మీద గుండ్రటి మాస్టారి అక్షరాలతో మెల్లగా రాసి ఆవిడ ముందు నిలబెట్టారు: సుగుణా, కాఫీ అయిందా?

అమ్మ చాలాసేపు చూసింది.

"వినపడిందండీ. తెస్తున్నా" అని లేచింది.

ఆ పలకని అమ్మ చెరపనివ్వలేదు. నాన్నగారికి కొత్తది కొన్నాం, పాతది దేవుడి వాక్యం పటం పక్కన మేకుకి వేలాడుతోంది. దాని ఫోటో నా ఫోన్లో, అమ్మ ఫోన్లో, అక్క ఫోన్లో, మిల్లు కంప్యూటర్లో కూడా ఉంది. నేనిక బతికున్నంత కాలం ఆమెన్‌కీ ఎంటర్‌కీ మధ్య కళ్లు తెరిచి, తెర మీదున్నది పైకి చదివి గానీ ఏదీ నొక్కనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లో నా ప్రమాణాలకి మంచి విలువే ఉంది. ఆ పలక మీద దుమ్ము తుడిచే పని మాత్రం అమ్మ ఇప్పటిదాకా నాకు అప్పగించలేదు.